నామ్‌గుంగ్ హ్యోక్, మరొకరు

తన పుస్తకాన్ని గాజు బల్ల అద్దం కింద చూడగానే ప్యో యన్‌సుక్‌కు ముందు సంతోషమే కలిగింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఏటా నవంబరులో ఒక ప్రదర్శన పెడతారు. ఆ ఏడాది అధ్యాపకులు రాసిన పుస్తకాలు, చేసిన సంగీతం అన్నీ కింది అంతస్తులో పేర్చి, పక్కన అట్టముక్కల మీద పేర్లు రాసి రెండు వారాలు ఉంచుతారు. వంతెనల మీద ఇటుకంత లావు పుస్తకం, పాత పన్నుల చరిత్ర, పియానో ప్రొఫెసరు సీడీ, పశువైద్యం వాళ్ళ బొమ్మల పుస్తకం. వాటి మధ్య ముదురు నీలం అట్టతో ‘నీళ్ళు తొక్కే పాటలు’. నురిదో దీవి ఉప్పు మళ్ళలో ఆడవాళ్ళు చక్రం తొక్కుతూ సముద్రపు నీళ్ళను మళ్ళలోకి ఎత్తిపోసేటప్పుడు పాడుకున్న పాటలు, వాటి వెనక కథలు, చివరి అట్టకు అతికించిన కవరులో రెండు సీడీలు. పదకొండేళ్ళ పని.

తర్వాత అట్టముక్క చదివింది.

‘నీళ్ళు తొక్కే పాటలు. నామ్‌గుంగ్ హ్యోక్ (సంగీత శాఖ), మరొకరు.’

మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివింది. అక్షరాలేమీ మారలేదు.

యన్‌సుక్‌కు యాభై రెండేళ్ళు. ఆ విశ్వవిద్యాలయంలో పంతొమ్మిదేళ్ళుగా గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. ఆమెలాంటి వాళ్ళు పదకొండు మందికి కలిపి ఒక గది, తలా ఒక ఇనప అలమర. శని, ఆదివారాల్లో పడవెక్కి నురిదో వెళ్ళి, రబ్బరు బూట్లతో బురదలో నిలబడి ఆ పాటలు రికార్డు చేసింది. పుస్తకం అచ్చుకు సాయం కావాలంటే దరఖాస్తు మీద ఒక రెగ్యులర్ ప్రొఫెసరు సంతకం ఉండాలన్నారు. శాఖాధిపతి నామ్‌గుంగ్ హ్యోక్ సంతకం పెట్టాడు. పెట్టినందుకు రచయితల్లో రెండో పేరుగా తన పేరు వేయమన్నాడు. ముందుమాటగా రెండు పేజీలు పంపాడు, అవి కూడా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి రాసిపెట్టినవే. దీవికి ఒక్కసారి వచ్చాడు. ఆ రోజు వాన. కారు అద్దం సగం దించి మళ్ళను చూసి, చేపల పులుసుతో భోజనం చేసి మధ్యాహ్నం పడవకు వెళ్ళిపోయాడు. సరే, అట్ట మీద తన పేరు ముందుంది కదా అని యన్‌సుక్ సరిపెట్టుకుంది.

ఇప్పుడు ఆ ముందున్న పేరే లేదు.

ప్రదర్శన చూసుకునే తాక్ జుహీ మెట్ల దగ్గర ఇంకో పెట్టె విప్పుతోంది. యన్‌సుక్ వెళ్ళి పక్కన నిలబడింది.

"జుహీ గారూ, ఈ ‘మరొకరు’ ఎవరండీ?"

జుహీ అట్టముక్క వైపు చూసి నాలుక్కరుచుకుంది. "మీరే మేడమ్."

"నాకో పేరుంది కదా."

"ఉంది మేడమ్. ప్రదర్శన రెగ్యులర్ అధ్యాపకులది. వాళ్ళ ఉద్యోగ నంబరు కొడితేనే కంప్యూటర్ పేరు తీసుకుంటుంది. మీ నంబరు కొట్టి చూశాను, ఎర్రగా ‘వర్తించదు’ అని వచ్చింది."

"కంప్యూటరుకు వర్తించను, బానే ఉంది. కలం పెట్టి అట్టముక్క మీద రాయడానికి కూడా వర్తించనా?"

జుహీ గొంతు తగ్గించింది. "నామ్‌గుంగ్ గారికి నమూనా పంపాను మేడమ్, చూసి సరి చెయ్యమని. ఆయనే ‘ఇలాగే ఉండనీ, బాగుంది’ అన్నారు. నాదీ కాంట్రాక్టే. డిసెంబరుతో అయిపోతుంది."

యన్‌సుక్‌కు ఒళ్ళు మండిపోయింది. నియమం చేసిన అవమానమైతే నియమాన్ని తిట్టుకుని ఊరుకునేదేమో. కానీ ఒక మనిషి ఆ నమూనా చూశాడు, చదివాడు, బాగుందన్నాడు.

నామ్‌గుంగ్ గది నాలుగో అంతస్తులో, సముద్రం కనిపించే వైపు ఉంటుంది. ఆమె వెళ్ళేసరికి ఆయన ఫోనులో ఏదో వీడియో చూసుకుంటున్నాడు. రమ్మని చెయ్యి ఊపి, ఫోను ఆమె వైపు తిప్పాడు. ఊరి టీవీవాళ్ళు ఆయనతో మాట్లాడిన కార్యక్రమం. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: ‘పదకొండేళ్ళు ఉప్పు మళ్ళలో నడిచిన ప్రొఫెసర్.’

"బాగా వచ్చింది కదూ ప్యో టీచర్?" అన్నాడు. పిల్లలు పాఠం చెప్పేవాళ్ళందరినీ ప్రొఫెసర్ గారూ అనే పిలుస్తారు. నామ్‌గుంగ్ మాత్రం ఆమెను ఒక్కనాడూ అలా పిలవలేదు.

"మీరు నడిచారా అండీ?"

"ఏమిటి?"

"ఉప్పు మళ్ళలో. నడిచారా అని."

ఆయన నవ్వి బార్లీ టీ పోశాడు. "టీవీవాళ్ళు అలాగే రాస్తారు. మనం చెబితే వింటారా? కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. "గ్రంథాలయంలో అట్టముక్క మీద నా పేరు లేదు. మీరే బాగుందన్నారట."

"ఓ, అదా!" ఆయన నిజంగానే తేలిగ్గా ఊపిరి వదిలాడు. "చిన్న అట్టముక్క ప్యో టీచర్. రెండు వారాలుంటే ఎక్కువ. మనం ఒక ఇంటివాళ్ళం. ఇంట్లో ఎవరి పేరైతేనేం?"

"అయితే నా పేరు పెట్టి, మీది ‘మరొకరు’ అని రాయించండి."

నామ్‌గుంగ్ టీ కప్పు కింద పెట్టాడు. నవ్వు మాత్రం ముఖం మీదే ఉంది. "మీరు అలిసిపోయినట్టున్నారు. టర్ము చివర అందరికీ ఇంతే. అన్నట్టు, జనవరిలో మీ కాంట్రాక్టు రెన్యువల్ కాగితం నా బల్ల మీదికి వస్తుంది. నేను మంచిగానే రాస్తాననుకోండి." తర్వాత ఏమీ జరగనట్టు అన్నాడు: "గురువారం ప్రదర్శన ప్రారంభోత్సవానికి పాటలు పాడిన ఆ అవ్వల్ని తీసుకురావాలి. ఒక్క పాట చాలు. పని బట్టల్లో రమ్మనండి, ఆ తలగుడ్డలు, ఆ బూట్లతో. నాటక శాఖవాళ్ళు అట్టతో చక్రం కూడా చేస్తున్నారు. స్పీకరు మీరు చూసుకోండి."

ఆమె బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే, అక్కడే అనవలసిన మాటలు ఇరవై ఇప్పుడు వరసగా నోటికి వచ్చాయి.

శనివారం పొద్దున్నే పడవెక్కింది. అవ్వల్ని రావద్దని చెప్పడానికి వెళ్ళింది.

నురిదోలో అవి చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజులు. చోన్ బున్రే అవ్వ వాకిట్లో క్యాబేజీ గుట్ట ముందు కూర్చుని, ఒక్కొక్క దాన్ని నిలువునా చీల్చి ఆకు ఆకుకూ ఉప్పు జల్లుతోంది. ఎనభై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు చక్రం తొక్కిన కాళ్ళు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. యన్‌సుక్‌ను చూసి రబ్బరు తొడుగులు విసిరింది.

"వచ్చావా టీచరమ్మా? ఊరికే నిలబడక చెయ్యి వెయ్యి."

యన్‌సుక్ తొడుగులు వేసుకుని పక్కన కూర్చుంది. ఉప్పు జల్లుతూనే అంతా చెప్పింది: అట్టముక్క, టీవీ, రెన్యువల్ మాట, పని బట్టల మాట. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది.

"ఎవడే వాడు?" అంది బున్రే. "ఆ రోజు వానలో కారు దిగనోడా? బురదంటితే బూట్లు కరిగిపోతాయా అని ఓక్‌దాన్ నవ్వింది, వాడేనా?"

"ఆయనే అవ్వా."

"వాడు పదకొండేళ్ళు నడిచాడా? వాడి మొహం! నాలుగు చేప ముక్కలు తిన్నాడు, అయిదోది వేసుకున్నాడు, పోయాడు." ఉప్పు దోసిలితో తీసి క్యాబేజీ మీద గట్టిగా కొట్టింది. "నీ పేరు తీసి ‘మరొకరు’ అన్నాడా! ఏం మాటది? దారిన పోయేదాన్ని అన్నట్టు."

యన్‌సుక్‌కు ఆ మాటకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ విషయంలో ఆమె తరఫున కోపం తెచ్చుకున్న మొదటి మనిషి.

బున్రే తొడుగులు విప్పింది. లోపలికి వెళ్ళి నీలం అట్ట పుస్తకం తెచ్చింది. నీళ్ళు తగలకుండా దానికి ప్లాస్టిక్ కవరు వేసుకుంది. వెనక పేజీ తీసి, ఒక చోట వేలు పెట్టి, చిన్నపిల్లలు చదివినట్టు ఒక్కొక్క మాటా పట్టి చదివింది.

"పాడినవారు. చోన్ బున్రే. మరో ఆరుగురు."

యన్‌సుక్ చేతిలో క్యాబేజీ అలాగే ఉండిపోయింది.

"ఊరి హాల్లో అక్షరాలు నేర్చుకుని ఎనిమిదేళ్ళయింది టీచరమ్మా. నెమ్మదిగా చదువుతా, కానీ చదువుతా. నువ్వు పుస్తకం తెచ్చిన రోజే చదివా. నువ్వే చెబుతావులే అని చూశా. ఈ ఆరుగురెవరు?"

"ఓక్‌దాన్ అవ్వ, జమ్రే అవ్వ, గ్వీమ్ అవ్వ..."

"తెలుసన్నమాట."

"తెలుసు అవ్వా."

"మరి?"

మరి ఏముంది? పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు రోజు ప్రచురణకర్త ఫోను చేసి, ఆ పేజీ ఇరుకైపోయింది, పేర్లన్నీ పట్టడం లేదు, ‘మరో ఆరుగురు’ అని కుదించమంటారా అని అడిగాడు. ఆమె బస్సులో ఉంది. సరే అంది. అంతే, ఒక్క నిమిషం. ఆ తర్వాత దాని గురించి ఒక్కసారైనా ఆలోచించలేదు.

"గ్వీమ్ కోడలు నా దగ్గరికొచ్చి ఈ పుస్తకం తిరగేసింది," అంది బున్రే. ఇప్పుడు గొంతు పెద్దగా లేదు. "మా అత్త పేరెక్కడుంది పెద్దమ్మా అని అడిగింది. రెండో సీడీలో ఆ పొడుగు పాట ఎత్తుకుంది ఎవరు? గ్వీమ్ కాదూ? నేను వెనక వంత పాడిందాన్ని. దాన్ని ఏప్రిల్లో మట్టి చేశాం. కోడలికి ఏం చూపించను? ‘మరో’ అన్న చోట వేలు పెట్టి ఇదే మీ అత్త అని చెప్పనా?"

"తప్పైపోయింది అవ్వా. చోటు లేదన్నారు..."

"చోటు! నీకు ముందు పేజీలో చోటుంది, వాడి ముందుమాటకి రెండు పేజీల చోటుంది." బున్రే పుస్తకం మూసింది. "వాడు నిన్ను ‘మరొకరు’ అన్నాడని ఒళ్ళు మండి పడవెక్కి ఇంత దూరం వచ్చావు. ఆ ఆరుగురూ ఏ పడవెక్కి ఎవరి దగ్గరికి పోవాలి?"

యన్‌సుక్ తల వంచుకుంది. వాకిట్లో కోళ్ళు రాలిన క్యాబేజీ ఆకుల్ని పొడుస్తున్నాయి. బున్రే మళ్ళీ తొడుగులు వేసుకుని ఉప్పు అందుకుంది.

గుట్ట సగం తరిగాక బున్రేనే అంది: "గురువారం వస్తాంలే."

"రావద్దనే చెప్పడానికి వచ్చాను అవ్వా."

"అది నువ్వు చెప్పేదేంటి? పాట మాది. వస్తాం. పని బట్టల్లో మాత్రం రాం. నీకు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి."

తిరుగు పడవలో కూర్చున్నప్పుడు యన్‌సుక్‌కు నామ్‌గుంగ్ మీది కోపం ఏమీ తగ్గలేదు. దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది, అంతే. ఆ రెండోది ఆయన మీద కాదు కాబట్టి ఎక్కువ బాధపెట్టింది.

సోమవారం విశ్వవిద్యాలయం వెనక గేటు దగ్గరి ముద్రణ దుకాణానికి వెళ్ళి, అరచేయంత కాగితం మీద తప్పొప్పుల పట్టిక వేయించింది. ఏ పాట ఎవరు ఎత్తుకున్నారో, ఎవరు వంత పాడారో ఏడుగురి పేర్లతో రాసింది. కింద ఒక వాక్యం: ‘ఈ పేర్లు వదిలేసిన తప్పు రచయిత్రి ప్యో యన్‌సుక్‌ది.’ నాలుగు వందల కాపీలు వేయించి, అమ్ముడుపోని పుస్తకాల్లో పెట్టమని ప్రచురణకర్తకు సగం ఇచ్చింది. ఆయన గొణిగాడు గానీ తీసుకున్నాడు. గ్రంథాలయానికి వెళ్ళి ఒక కాగితం జుహీ ముందు పెట్టింది. జుహీ చదివింది. గాజు బల్ల తాళం తీసి, "నేను టీ తాగొస్తాను మేడమ్, తాళం బల్ల మీదుంది" అని వెళ్ళిపోయింది. యన్‌సుక్ పుస్తకంలో కాగితం పెట్టి, వెనక పేజీ కనిపించేలా తెరిచి ఉంచింది. అట్టముక్క జోలికి పోలేదు. దాన్ని తానే దిద్దుకోవాలంటే ఆమెకు అహం అడ్డొచ్చింది. దిద్దాల్సినవాళ్ళే దిద్దాలి.

గురువారం పదకొండింటికి గ్రంథాలయం కింది అంతస్తు నిండింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, డీన్లు, టీవీ కెమెరా, ముందు వరసలో బొకేలు. ఒక పక్క నాటక శాఖవాళ్ళు చేసిన అట్ట చక్రం. దీవి నుంచి అయిదుగురు వచ్చారు. గ్వీమ్ లేదు, పిల్న్యోకు మోకాళ్ళు లేవలేదు. అయిదుగురూ పెళ్ళిళ్ళకు కట్టుకునే రంగు హన్‌బోక్‌లు వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చారు. నామ్‌గుంగ్ యన్‌సుక్ వైపు ఇదేమిటన్నట్టు చూశాడు. ఆమె స్పీకరు తీగ సర్దుకుంటూ చూడనట్టు ఊరుకుంది.

ఆయన మైకు తీసుకున్నాడు. సంప్రదాయం గురించి, పరిశోధన గురించి మాట్లాడి, చివర అన్నాడు: "పదకొండేళ్ళుగా ఈ అవ్వలు నాకు అమ్మలతో సమానం."

చప్పట్లు కొట్టారు. బున్రే చెయ్యి చాపింది. పాడబోతోందనుకుని ఆయనే మైకు ఇచ్చాడు.

"అమ్మతో సమానమన్నావు, సంతోషం నాయనా," అంది బున్రే. "ఈ అమ్మ పేరేంటి?"

అందరూ నవ్వారు. నామ్‌గుంగ్ కూడా నవ్వాడు. "చోన్ బున్రే గారు!"

మళ్ళీ చప్పట్లు.

"శభాష్. ఈమె?" పక్కనున్న ఓక్‌దాన్ భుజం మీద చెయ్యి వేసింది.

"అవ్వగారు నాకు పరీక్ష పెడుతున్నారు," అన్నాడు నామ్‌గుంగ్ జనం వైపు తిరిగి.

"రోజూ పెట్టేది మీరేగా. ఇవాళ ఒక్కటి మేం పెడతాం. ఈమె పేరేంటి?"

ఆయన యన్‌సుక్ వైపు చూశాడు. పెదవులు కదిపితే చాలు, అందించవచ్చు. పంతొమ్మిదేళ్ళుగా సభల్లో, దరఖాస్తుల్లో, ఉపన్యాసాల్లో ఆయనకు కావలసినవి అలా అందిస్తూనే ఉంది. ఈసారి ఆమె ఆయన కళ్ళలోకి చూసి, పెదవులు బిగించుకుంది.

"పోనీ ఆమె? ఆ చివరామె?"

నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షుడు చేతిలో కార్యక్రమం కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. నామ్‌గుంగ్ మెడ ఎర్రబడింది. "సమయం తక్కువుంది, ముందు పాట..."

"పేర్లే తెలీనివాడికి పాటెందుకు?" అంది బున్రే. "మా దీవికి ఒకసారొచ్చావు. మళ్ళ దగ్గర కారు దిగలేదు. పులుసు వండింది నేనే, నా పేరు అప్పుడూ అడగలేదు. పదకొండేళ్ళూ వచ్చింది ఈ టీచరమ్మ. ఆమె పేరు కూడా నీకు తెలీదేమో, బల్ల మీద ‘మరొకరు’ అని రాశారు." మైకు యన్‌సుక్ వైపు చాపింది. "నువ్వు చెప్పు. మా పేర్లు."

యన్‌సుక్ స్పీకరు వదిలి ముందుకు వచ్చింది.

"చోన్ బున్రే. మో ఓక్‌దాన్. సూ జమ్రే. పియన్ మల్‌సూన్. తోంగ్ సమ్‌వల్. ఇవాళ రాలేకపోయిన వీ పిల్న్యో. ఏప్రిల్లో పోయిన యాంగ్ గ్వీమ్." జనం వైపు తిరిగింది. "ఈ పేర్లు నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ పుస్తకంలో ‘మరో ఆరుగురు’ అని వేయనిచ్చాను. అది నామ్‌గుంగ్ గారి తప్పు కాదు, నాది. అట్టముక్క మీద ‘మరొకరు’ అని ఉండనిచ్చింది మాత్రం నేను కాదు. నా పేరు ప్యో యన్‌సుక్. ఈ పుస్తకం నేను రాశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నిలబడ్డ పిల్లల్లో ఒకరిద్దరు మొదలుపెట్టి ఆపేశారు.

"పాట వినాలంటే మళ్ళలోకి రండి. బూట్లు మేమిస్తాం," అని బున్రే మైకును అట్ట చక్రం మీద పెట్టింది. అది ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగింది. అయిదుగురూ నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

గేటు బయట పూటకూళ్ళ ఇంట్లో ఓక్‌దాన్ చారు గిన్నె ముందు పెట్టుకుని బున్రే మీద విరుచుకుపడింది. "నన్నడక్కుండా పాట లేదని నువ్వెలా చెబుతావే? పొద్దున నాలుగింటికి లేచి జుట్టు దువ్వుకున్నా! టీవీవాడు కూడా వచ్చాడు!"

"వాడి పక్కన నిలబడి పాడతావా?"

"వాణ్ణి కూర్చోబెట్టి పాడుదును!"

ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. యన్‌సుక్‌కు అన్నం దిగలేదు. బున్రే చెప్పింది న్యాయమే, ఓక్‌దాన్ అడిగిందీ న్యాయమే. లేచి, ఒక్కొక్కరి చేతిలో ఆ చిన్న కాగితం పెట్టింది. ఓక్‌దాన్ తన పేరు వెతుక్కుని, వేలితో రుద్దింది. "అక్షరాలు ఇంకొంచెం పెద్దవి వెయ్యాల్సింది," అంది.

ప్రదర్శన ముగియడానికి మూడు రోజుల ముందు అట్టముక్క మారింది. జుహీ తన చేత్తో కలం పెట్టి రాసింది: ‘ప్యో యన్‌సుక్, నామ్‌గుంగ్ హ్యోక్.’ డిసెంబరులో ఆమె కాంట్రాక్టు ముగిసింది, మళ్ళీ ఇవ్వలేదు. జనవరిలో యన్‌సుక్‌కు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. శాఖ అవసరాల దృష్ట్యా రెన్యువల్ లేదట. నిజానికి ఆమె క్లాసులో కిందటి టర్ము కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. పేరు తీసేసిన సంగతి విశ్వవిద్యాలయ నైతిక సంఘానికి రాస్తే, అట్టముక్క ప్రచురణ కిందికి రాదు కనుక విచారించేందుకు ఏమీ లేదని జవాబిచ్చారు. ఆ జవాబు చదివి యన్‌సుక్ వంటింట్లో నిలబడి గట్టిగా అరిచింది. పక్కింటివాళ్ళు తలుపు తట్టారు.

అధ్యాపకుల ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంఘానికి వెళ్ళింది. హాజరు పట్టీలు, పిల్లలు రాసిచ్చిన ఉత్తరాలు, పంతొమ్మిదేళ్ళ కాగితాలు మోసుకెళ్ళింది. రెండుసార్లు విచారణ జరిగింది. మొదటిసారి విశ్వవిద్యాలయం తరఫు వకీలు ‘ఆ మహిళ స్వభావం’ అన్న మాట నాలుగుసార్లు వాడాడు. ఆమె లెక్కపెట్టి, తన వంతు వచ్చినప్పుడు ఆ లెక్క కూడా చెప్పింది. జూన్‌లో తీర్పు వచ్చింది. రెన్యువల్ ఆపడం అన్యాయం, తిరిగి తీసుకోవాలన్నారు. పుస్తకం మీద పేర్ల సంగతి తమ పరిధి కాదన్నారు. రెండో ముద్రణలో లోపలి మొదటి పేజీలోనే ఏడుగురి పేర్లూ పెద్ద అక్షరాల్లో వచ్చాయి. నామ్‌గుంగ్ పేరు మాత్రం తీయలేకపోయింది. అచ్చుకు సాయం తీసుకున్న ఒప్పందంలో రచయితగా ఆయన సంతకం ఉంది.

సెప్టెంబరులో ఆమెకు మునుపటి రెండు క్లాసుల్లో ఒకటే తిరిగి ఇచ్చారు. మొదటి రోజు మెట్ల మలుపులో నామ్‌గుంగ్ ఎదురయ్యాడు. ఆగి, ఎప్పటి నవ్వే నవ్వాడు.

"రండి ప్యో టీచర్. కోపం తగ్గిందా?"

"తగ్గలేదండీ," అంది యన్‌సుక్. పక్కకు తప్పుకోకుండా ఆయన తప్పుకునేదాకా నిలబడి, అప్పుడు పైకెక్కి క్లాసులోకి వెళ్ళింది.